బొమ్మ అక్కడే చూపిస్తే మా గుమ్మం దాకా ఎవరొస్తారు?

పరిశ్రమలు, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక విభాగం కార్యదర్శి గారికి, ఆ విభాగంలో కాపీరైట్ వ్యవహారాలు చూసే అధికారులందరికీ,

నమస్కారం.

నేను హనుమకొండ వాణ్ని. కాకతీయుల కాలం నాటి గుళ్లూ శిల్పాలూ ఫొటోలు తీస్తాను. ఒక్కో ఫొటో కింద ఆ శిల్పం ఏమిటో, గుడిలో ఏ మూల ఉందో, దాని వెనక కథేమిటో తెలుగులో రాసి నా వెబ్‌సైట్‌లో పెడతాను. 2009 నుంచీ ఇదే పని. సైటులో కనపడే ప్రకటనల మీద కొంత, పుస్తకాలకూ క్యాలెండర్లకూ ఫొటోలు ఇచ్చినందుకు కొంత వస్తుంది. దాంతోనే సర్వర్ అద్దె, పెట్రోలు, లెన్సు రిపేర్లు గడుస్తాయి. డీపీఐఐటీ అని అందరూ పిలిచే మీ విభాగం చేతికి 2016లో కాపీరైట్ చట్టం వచ్చింది. అందుకే మీకు రాస్తున్నాను. నాలాగే వంటలు, ముగ్గులు, చేనేత చీరల డిజైన్లు, పక్షుల ఫొటోలు నెట్‌లో పెట్టుకుని నెట్టుకొస్తున్నవాళ్లు కూడా చదవాలని బహిరంగంగా రాస్తున్నాను.

ముందు ఒక్క ఫొటో గురించి చెప్పనివ్వండి.

రామప్ప గుడి చూరు కింద నల్లరాతి మదనికలు ఉంటాయి. వాళ్లలో ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులు ఉంటాయి. చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ గైడ్లు వేలు పెట్టి చూపించేది ఆమెనే. గుడి ఒళ్లంతా ఎర్రటి ఇసుకరాయి, ఈ బొమ్మలు మాత్రం నల్లటి డోలరైట్. నల్లరాయి కెమెరాకు ఒక పట్టాన లొంగదు. ఎండ సూటిగా పడితే నిగనిగలాడి చెక్కుడు గీతలు కనపడవు. నీడ పడితే అంతా ఒకటే ముద్ద. పైగా బొమ్మలు చూరుకు ఆనించి ఏటవాలుగా ఉంటాయి. పొద్దున సూర్యుడు కిందుగా ఉన్నంతసేపే వెలుగు ఆ చూరు కిందికి దూరుతుంది. పొద్దెక్కుతుంటే చూరు నీడ ముందు ఆమె జడ మీదికి, తర్వాత నుదుటి మీదికి జారుతుంది. ఆ నడిమి కాస్త సమయమే మనది.

హనుమకొండ నుంచి పాలంపేట సుమారు 70 కిలోమీటర్లు. పుష్యమాసం చలిలో తెల్లవారుజామున బండి మీద మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి మంచు. రెండోసారి మబ్బు. మూడోసారి దొరికింది. చెప్పు పట్టీ పాదం మీద ఎలా మలుపు తిరిగిందో, మడమ కింద దిమ్మ ఎంత మందం ఉందో లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చింది. ఇంటికొచ్చి ఆ రాత్రంతా కూర్చుని కింద ఓ పెద్ద వ్యాసం రాశాను.

2021 జూలై 25న రామప్పను యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది. ఆ సాయంత్రం తెలుగువాళ్లంతా ఫోన్లలో రామప్ప బొమ్మలు వెతికారు. నేనూ వెతికాను. ఒక సెర్చ్ ఇంజిన్ చిత్రాల్లో నా మదనిక మొదటి వరసలో ఉంది. సంతోషంతో కళ్లు చెమర్చాయి. పన్నెండేళ్ల కష్టానికి జనం ఇవాళ నా సైటుకు వస్తారనుకున్నాను.

మర్నాడు పొద్దున సర్వర్ లాగ్ తెరిచాను. లాగ్ అంటే సర్వర్ తనంతట తాను రాసుకునే చిట్టా. ఒక్కో లైనులో తారీఖు, టైము, అడిగిన ఫైలు పేరు, ఎంత డేటా వెళ్లింది, మనిషి ఎక్కడి నుంచి వచ్చాడు అని ఉంటుంది. ఎవరైనా నా పేజీ తెరిస్తే వరసగా పది పన్నెండు లైన్లు పడతాయి. ముందు పేజీ, దాని వెనకాల ఫాంటు, ఆ వెనకాల ఫొటోలు ఒక్కొక్కటీ. ఆ రోజు పడినవి ఒంటరి లైన్లు. మదనిక ఫొటో, మదనిక ఫొటో, మదనిక ఫొటో. ముందూ వెనకా పేజీ లేదు. స్క్రోల్ చేస్తూ పోతున్నాను, అదే ఫైలు పేరు. ఎక్కడో ఒక చోట పేజీతో సహా వచ్చిన గుంపు కనపడితే, ఇదిగో ఒక మనిషి లోపలికి వచ్చాడు అనుకునేవాణ్ని.

జరిగింది తేలికగానే అర్థమైంది. వెతికినవాళ్లు చిన్న బొమ్మను నొక్కారు. ఆ సెర్చ్ ఇంజిన్ తన తెర మీదే దాన్ని పెద్దగా తెరిచింది. ఆ పెద్ద ఫొటో నా సర్వర్ నుంచే వెళ్లింది. చూశారు, సేవ్ చేసుకున్నారు, వాట్సాప్‌లో పంపుకున్నారు. కింద నేను రాసిన వ్యాసం చదవడానికి గానీ, ఫొటో తీసింది ఎవరో చూడటానికి గానీ రావాల్సిన అవసరమే వాళ్లకు పడలేదు. నా నెలవారీ బ్యాండ్‌విడ్త్, అంటే సర్వర్ నుంచి పంపగలిగే డేటా కోటా, మాత్రం అయిపోయింది. పై ప్లానుకు మారకపోతే సైటు ఆపేస్తామని హోస్టింగ్ వాళ్ల నుంచి మెయిల్ వచ్చింది. అప్పటికప్పుడు డబ్బు కట్టాను. నా జీవితంలో ఎక్కువ మంది నా ఫొటో చూసిన రెండు రోజులు అవి. నాకు పైసా రాకపోగా చేతి నుంచి పోయినవీ ఆ రెండు రోజులే.

సెర్చ్ ఇంజిన్ల మీద నాకు పగ లేదు. అవి లేకపోతే నా సైటు అడవిగాచిన వెన్నెలే. కరీంనగర్‌లో చదువుకునే పిల్లాడు, డల్లాస్‌లో ఉండే మన ఊరి ఆడపడుచు నన్ను వెతుక్కుంటూ వచ్చారంటే అది వాటి చలవే. చిన్న బొమ్మ చూపించి, ఇది ఫలానా చోట ఉంది వెళ్లి చూడండి అంటే, అంతకంటే ఏం కావాలి? వాకిట్లో ముగ్గు లాంటిది అది. ముగ్గు చూసినవాళ్లు లోపలికి వస్తారు. నా బాధంతా, దారి చూపాల్సిన చోటే మజిలీ అయిపోయినందుకు.

మా నాన్నగారికి హనుమకొండ చౌరస్తా దగ్గర ఫొటో స్టూడియో ఉండేది. ప్రతి ఫొటో వెనకా ఊదారంగు సిరాతో స్టూడియో పేరు ముద్ర వేసేవారు. నెగెటివ్‌లు నంబర్లు వేసి డబ్బాల్లో దాచేవారు. పెళ్లయిన పదేళ్లకు కూడా ఎవరో వచ్చి, మా నాయనమ్మ ఉన్న ఫొటో ఇంకో కాపీ కావాలండీ అని అడిగేవాళ్లు. ఆ కాపీల డబ్బులతోనే మా స్కూలు ఫీజులు కట్టారు. ఫొటో ఊరంతా తిరిగినా దాని వెనక ముద్ర మనుషుల్ని మళ్లీ మా గుమ్మానికి తెచ్చేది. ఇప్పుడు ఆ ముద్ర తుడిచేసి తిప్పుతున్నారు.

ఇది ఎలా మారుతూ వచ్చిందో మీకు తెలియంది కాదు. అయినా ఒకసారి వరసగా చూస్తే నేను అడిగేది అర్థమవుతుందని చెబుతున్నాను.

గూగుల్ చిత్రాల సెర్చ్ 2001లో మొదలైంది. అంతకు ముందే అమెరికాలో లెస్లీ కెల్లీ అనే ఫొటోగ్రాఫర్ అరిబా సాఫ్ట్ అనే సెర్చ్ ఇంజిన్ మీద కేసు వేశాడు. తన ఫొటోలు 35 తన అనుమతి లేకుండా చూపిస్తున్నారని. 2002లో అక్కడి అప్పీళ్ల కోర్టు రెండు మాటలు చెప్పింది. చిన్న థంబ్‌నెయిల్ చూపించడం తప్పు కాదు, ఎందుకంటే ఆ చిన్న బొమ్మ అసలు ఫొటోకు బదులుగా పనికిరాదు. కానీ పూర్తి సైజు ఫొటోను తమ తెరలో చూపించడం తప్పే. 2003లో తీర్పు మళ్లీ రాసినప్పుడు రెండో మాటను విచారణ పద్ధతి సరిగ్గా జరగలేదన్న కారణంతో పక్కన పెట్టారు. మొదటి మాట మిగిలింది. అసలుకు బదులుగా పనికిరాదు కాబట్టి చిన్న బొమ్మ ఫరవాలేదు అన్న ఆ కారణాన్ని దయచేసి గుర్తుపెట్టుకోండి. ఆ రోజుల్లో చిన్న బొమ్మంటే తపాలా బిళ్లంత ఉండేది. ఈ రోజు సెర్చ్‌లో నొక్కితే తెరుచుకునే బొమ్మ ఫోన్ తెరను ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నింపేస్తుంది. ఫోన్లో చూసేవాడికి అంతకంటే పెద్దది నా సైటులో కూడా దొరకదు. అసలుకు బదులుగా పనికిరాదు అని ఇప్పుడు ఎవరైనా అనగలరా?

తర్వాత 2007లో పర్ఫెక్ట్ 10 అనే సంస్థ కేసులో అదే అప్పీళ్ల కోర్టు ఇంకో సూత్రం ఖాయం చేసింది. సర్వర్ టెస్ట్ అంటారు దాన్ని. పెద్ద ఫొటో సెర్చ్ ఇంజిన్ సొంత సర్వర్‌లో లేకుండా అసలు సైటు నుంచే వచ్చి తెర మీద కనపడితే, దాన్ని సెర్చ్ ఇంజిన్ ప్రదర్శించినట్టు కాదని. నా లాగ్‌లో పడిన ఒంటరి లైన్లు చూశాక ఈ సూత్రం చదివితే కడుపు రగిలిపోతుంది. ఫొటో నా సర్వర్ నుంచి రావడం వల్లే కదా నేను డబ్బు కట్టాల్సి వచ్చింది? ఏ కారణంగా నా జేబుకు చిల్లు పడిందో అదే కారణం అవతలివాళ్లకు రక్షణ ఎలా అవుతుంది? మన దేశంలో కోర్టులు ఆ దారిలో నడవాలనేం లేదు. మన చట్టంలో అమెరికా మాదిరి, వాడకం న్యాయమైనదైతే చాలనే ఫెయిర్ యూజ్ లేదు, సెక్షన్ 52లో విడివిడిగా రాసిన మినహాయింపులే ఉన్నాయి.

2013 జనవరిలో గూగుల్ చిత్రాల పేజీని మార్చింది. అంతకు ముందు బొమ్మను నొక్కితే వెనకాల ఆ సైటు పేజీ కూడా తెరుచుకునేది. ఆ తర్వాత సెర్చ్ పేజీలోనే పెద్ద బొమ్మ తెరుచుకోవడం మొదలైంది. సైటుకు వెళ్లే దారులు పెంచాం, క్లిక్‌లు కూడా పెరిగాయి అని కంపెనీ చెప్పింది. సైట్లు నడిపేవాళ్లు చాలామంది మాకు వచ్చే జనం పడిపోయారని గగ్గోలు పెట్టారు. 2016 ఏప్రిల్‌లో ఫొటోలు అమ్మే గెట్టీ ఇమేజెస్ అనే కంపెనీ దీని మీదే యూరోపియన్ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. 2018 ఫిబ్రవరిలో గూగుల్‌తో దానికి ఒప్పందం కుదిరింది. వారం తిరక్కుండానే చిత్రాల సెర్చ్‌లో ఫొటోను విడిగా తెరిచే బటన్‌ను గూగుల్ తీసేసింది. అదే ఏడు ఫొటో తీసినవాళ్ల పేరు చూపించే ఏర్పాటు, 2020లో లైసెన్స్ ఉన్న ఫొటోకు గుర్తు వేసే ఏర్పాటు తెచ్చింది. అవి మంచి పనులు, కాదనను. నా ఫొటోలన్నిటికీ ఆ వివరాలు కూర్చుని ఎక్కించాను. కానీ ఒకటి గమనించండి. కోట్ల కొద్దీ ఫొటోలున్న కంపెనీ ఫిర్యాదు చేస్తే ఒక బటన్ పోవడానికి రెండేళ్లు పట్టింది. బటన్ పోయినా పెద్ద బొమ్మ అక్కడే ఉంది.

మన దగ్గర పెద్ద పత్రికలకు కూడా ఇదే గొడవ. ఈనాడు సహా పెద్ద వార్తాసంస్థలున్న డిజిటల్ న్యూస్ పబ్లిషర్స్ అసోసియేషన్ ఫిర్యాదు మీద 2022 జనవరిలో కాంపిటీషన్ కమిషన్ గూగుల్ మీద విచారణకు ఆదేశించింది. వాళ్లకు సంఘం ఉంది, లాయర్లు ఉన్నారు. పాటలు రాసేవాళ్లకూ బాణీలు కట్టేవాళ్లకూ వాళ్ల తరఫున రాయల్టీ వసూలు చేసి పంచే ఐపీఆర్ఎస్ ఉంది. ఫొటోలు తీసేవాళ్లకు అలాంటి కాపీరైట్ సొసైటీ ఒక్కటీ లేదు.

ఇక మన చట్టం సంగతి. సెక్షన్ 2(సి) ప్రకారం ఫొటో కళాకృతే, దానికి కళావిలువ ఉన్నా లేకున్నా. 2012 సవరణ తర్వాత ఫొటోకు కూడా రచనలకు ఉన్నట్టే, తీసినవాళ్లు బతికున్నంత కాలం, ఆ మీదట 60 ఏళ్లు హక్కు ఉంటుంది. కొందరు నన్ను అడుగుతుంటారు, శిల్పం ఆ గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి కాలం నాటిది, దాని మీద నీ హక్కేంటి అని. శిల్పం మీద నాకే హక్కూ లేదు. అది అందరిదీ. ఎవరైనా వెళ్లి తీసుకోవచ్చు. నాది ఆ పుష్యమాసపు పొద్దున నేను తీసిన ఆ ఒక్క ఫొటో.

సెక్షన్ 52(1)(సి) దగ్గర నాకు అసలు టెన్షన్. లింకులు ఇవ్వడానికో, అందుబాటులోకి తేవడానికో కంప్యూటర్లలో తాత్కాలికంగానో పనిలో పనిగానో నిల్వ చేస్తే, హక్కుదారు స్పష్టంగా వద్దనకపోతే, అది ఉల్లంఘన కాదని అందులో ఉంది. సెర్చ్ ఇంజిన్లు దీని నీడన నిలబడతాయి. నా ప్రశ్నలు మూడు. ఏళ్ల తరబడి అట్టిపెట్టిన థంబ్‌నెయిల్ తాత్కాలికం ఎలా అవుతుంది? లింకు ఇవ్వడానికి అని చట్టం అంటే, లింకు అక్కర్లేకుండా చేసేంత పెద్ద బొమ్మ ఆ మాట కిందికి వస్తుందా? ఇక స్పష్టంగా వద్దనడం అంటే ఏమిటి? సెర్చ్ ఇంజిన్లు ఏం చూడొచ్చో ఏం చూడకూడదో చెప్పే రోబోట్స్ ఫైలు నా సైటులో ఉంటుంది, అందులో ఒక లైను రాస్తే అది చట్టం ముందు వద్దన్నట్టేనా, లేక రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాయాలా? మీరు ఒక వివరణ పత్రం ఇస్తే ఈ మూడింటికీ జవాబు వస్తుంది. పార్లమెంటు దాకా వెళ్లకుండానే సగం చిక్కు విడిపోతుంది.

వద్దనే దారుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే కంపెనీలు ఎప్పుడూ చెప్పే జవాబు అదే. ఇష్టం లేకపోతే ఆపేసుకోవచ్చు కదా అంటారు. రోబోట్స్ ఫైల్లో చిత్రాల బాట్‌ను, అంటే సెర్చ్ కోసం ఫొటోలు ఏరుకునే ప్రోగ్రామ్‌ను, ఆపేస్తే నా ఫొటోలు సెర్చ్‌లోంచే మాయమవుతాయి. హాట్‌లింక్‌ను, అంటే నా సర్వర్‌లోని ఫొటోను ఇంకో సైటు నేరుగా తన తెర మీద చూపించడాన్ని, ఆపుచేస్తే మొత్తం ఫలితాల్లోంచే జారిపోతానేమో అన్న భయం. గూగుల్ 2019లో ప్రివ్యూ సైజును సైటు యజమానే చెప్పుకునే ట్యాగ్ తెచ్చింది. చిన్నదే చూపించండి అని అడగొచ్చు. బాగుంది. కానీ ఫోన్లో గూగుల్ తనంతట తాను వార్తలూ వ్యాసాలూ చూపించే డిస్కవర్‌లో పెద్ద ఫొటోతో కార్డు రావాలంటే మామూలుగా అదే ట్యాగ్‌లో పెద్దది అని ఉండాలి. ఈ రోజుల్లో ఫోన్ తెరవగానే జనానికి కనపడేది ఆ కార్డే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. జర్మనీ అత్యున్నత న్యాయస్థానం 2010లో, అడ్డుకునే ఏర్పాటు చేసుకోకుండా బొమ్మలు నెట్‌లో పెట్టిన చిత్రకారిణి వాటి చిన్న ప్రివ్యూలకు ఒప్పుకున్నట్టే అంది. అడ్డుకుంటే ఊళ్లోనే లేకుండా పోతామన్నప్పుడు, అడ్డుకోకపోవడాన్ని ఒప్పుకోవడం అనొచ్చా?

వాటర్‌మార్క్ వేసుకో అని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. మూలకు వేస్తే కత్తిరించేస్తారు. నడిమధ్యన వేయాలంటే ఆ మదనిక మొహం మీద నా సైటు పేరు రాయాలి. ఆ శిల్పిని తలుచుకుంటే నాకు చేయి రాదు.

ఆ కత్తిరింపు నా కళ్లారా చూశాను. ఒకసారి ములుగు వెళ్తుంటే దారిలో ఒక ఫంక్షన్ హాలు ముందు పెద్ద ఫ్లెక్సీ. ఎవరిదో పెళ్లి. వధూవరుల వెనకాల నా మదనిక. కింద మూల నేను వేసుకున్న పేరు ఉన్న చోట పువ్వుల బొమ్మ అతికించారు. ఫ్లెక్సీ మీద ఫోన్ నంబరు ఉంటే ఆ ప్రింటింగ్ షాపుకు ఫోన్ చేశాను. కుర్రాడు చాలా మర్యాదగానే మాట్లాడాడు. "నెట్‌లో దొరికింది సార్, మీదని మాకు తెలీదు. తెలిస్తే అడిగేవాళ్లం" అన్నాడు. అబద్ధం చెప్పాడని నేను అనుకోను. అతను ఫొటోను చూసిన చోట నా పేరు అంత చిన్నగా, అంత పక్కగా ఉంది మరి. పత్రికల్లో కూడా ఫొటో కింద "సౌజన్యం: ఇంటర్నెట్" అని వేస్తుంటారు. ఇంటర్నెట్ చలిలో బండేసుకుని పాలంపేట వెళ్లదు. ఫొటో ఎక్కడ కనపడితే అక్కడ, దాని మీదే, తీసినవాళ్ల పేరు చదవగలిగేంత అక్షరాల్లో ఉండాలని రూలు పెట్టండి. సెక్షన్ 57 రచయితకు ఇచ్చిన హక్కుల్లో తన పేరు తనకు దక్కడం ఒకటి కదా.

సెక్షన్ 65బి కూడా ఉంది. ఫొటో ఫైలు లోపల ఉండే హక్కుల వివరాలను తెలిసి తెలిసి తీసేస్తే రెండేళ్ల దాకా జైలు అని. నేను ప్రతి ఫైలులో నా పేరు, సైటు చిరునామా, లైసెన్స్ వివరాలు పెడతాను. ఆ ఫైలు రెండు మూడు యాప్‌లు దాటేసరికి లోపల ఖాళీ. మనిషి చేస్తే నేరం, సాఫ్ట్‌వేర్ రోజుకు ఎన్నిసార్లు చేసినా ఏమీ కాదా? దీన్ని కూడా మీ వివరణలో చేర్చండి.

ఇక ఫిర్యాదు దారి. నా ఫొటోలు ఎత్తుకెళ్లి పెట్టుకున్న ఒక వాల్‌పేపర్ల సైటు ఉంది. సెర్చ్‌లో ఒకే ఫొటో రెండు చోట్ల ఉంటే ఒక్కోసారి నకలే ముందు కనపడుతుంది. అలా నా ఫొటోకు నా కంటే ముందు వాళ్లు వచ్చారు. నా ఫొటోను నొక్కినవాళ్లు వాళ్ల సైటుకు వెళ్తున్నారు. చట్టం ప్రకారం లింకు ఇస్తున్నవాళ్లకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను. 2013 కాపీరైట్ రూల్స్ ప్రకారం 36 గంటల్లో ఆపాలి, 21 రోజులు ఆపి ఉంచాలి. ఆపారు. ఆ 21 రోజుల్లోపల నేను కోర్టు ఆర్డరు తేకపోతే మళ్లీ పెట్టుకోవచ్చు. పైగా అదే చోట అదే ఫొటో మీద నేను మళ్లీ నోటీసు ఇస్తే పట్టించుకోనక్కర్లేదు. ఒక్క ఫొటో కోసం లాయరును పెట్టుకుని, కమర్షియల్ కోర్టులో కేసు వేసి, 21 రోజుల్లో ఆర్డరు తెచ్చుకోగలిగేవాళ్లు వరంగల్‌లో ఎంతమంది ఉంటారు సార్? నేను తేలేకపోయాను. ఫొటో మళ్లీ ఎక్కింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఈ 21 రోజుల నిబంధనను మార్చమని చేతులెత్తి అడుగుతున్నాను. ఆపినదాన్ని మళ్లీ పెట్టాలంటే ఫొటో తమదని చెప్పాల్సిన బాధ్యత అవతలివాళ్ల మీద పెట్టండి. అసలు ఫైలు, అంటే కెమెరా రా ఫైలు, నా దగ్గర ఉంది. వాళ్ల దగ్గర ఉండదు. తేల్చడానికి పది నిమిషాలు చాలు. దానికి కోర్టు ఎందుకు? మీ దగ్గరే ఒక చిన్న విభాగం పెట్టి, ఆన్‌లైన్లో, తెలుగులో కూడా ఫిర్యాదు ఇచ్చే వీలు కల్పిస్తే ఊళ్లలో ఉండే ఫొటోగ్రాఫర్లు బతికిపోతారు.

2025 డిసెంబరులో మీరు ఏఐ, కాపీరైట్ మీద విడుదల చేసిన పత్రం చదివాను. ఏఐ మోడళ్లకు శిక్షణ ఇవ్వడానికి మన రచనలు వాడుకుంటే రాయల్టీ కట్టాలని అందులో ప్రతిపాదించారు. మా కష్టానికి విలువ ఉందని ప్రభుత్వం అన్నందుకు కృతజ్ఞతలు. కానీ వద్దు అనే హక్కు అందులో లేదు. శిక్షణ మాట ఉంది గానీ ప్రదర్శన మాట లేదు. నా ఫొటో ఏ యంత్రానికీ పాఠం చెప్పకపోయినా, సెర్చ్ తెర మీద పెద్దగా కనపడి నా పేజీ అక్కర్లేకుండా చేస్తే నాకు జరిగే నష్టం ఇప్పుడే, ఈ నెల బిల్లులోనే జరుగుతుంది. 2024 ఆగస్టు నుంచి మన దేశంలో సెర్చ్ పైన ఏఐ రాసిన జవాబు కూడా వస్తోంది. ఇన్నాళ్లూ ఫొటో పోయినా కింది వ్యాసం కోసమైనా ఎవరో ఒకరు వచ్చేవారు. ఇప్పుడు వ్యాసం సారాంశం కూడా అక్కడే చదివేస్తున్నారు. ఫ్రాన్స్ 2016లోనే చిత్రాల సెర్చ్ సేవలు హక్కుల సంఘాలకు డబ్బు కట్టాలని చట్టంలో రాసుకుంది. దాని అమలులో వచ్చిన చిక్కులు కూడా తెప్పించుకుని చూడండి. మనం అవే తప్పులు చేయనక్కర్లేదు. ఆ దారి మంచిదైతే ముందు ఫొటోగ్రాఫర్లకు ఒక సొసైటీ ఏర్పడేలా చూడండి, లేకపోతే మా పేరున వసూలైన డబ్బు మా దాకా ఎలా వస్తుంది?

డబ్బు కంటే కూడా నేను ముందు అడిగేది సైజు గురించి. చిన్న ప్రివ్యూ ఎవరైనా చూపించుకోవచ్చు, దానికి ఒక కొలత పెట్టండి. అంతకు మించి పెద్దగా చూపించాలంటే సైటు యజమాని ఒప్పుకోవాలి. ఒప్పుకోనందుకు సెర్చ్‌లో వెనక్కి నెట్టకూడదు. పెద్దదానికోసం నొక్కినవాళ్లు ఫొటో ఉన్న పేజీకే వెళ్లాలి. ఈ నాలుగు మాటలూ రూల్స్‌లో చేరితే మిగతావాటికి నేను ఇంకో పదేళ్లయినా ఆగుతాను.

ఈ ఉత్తరంతో పాటు 2021 జూలై 25, 26 తారీఖుల సర్వర్ లాగ్‌ను, చూసినవాళ్ల ఐపీ చిరునామాలు తీసేసి, మీ కార్యాలయానికి పంపిస్తున్నాను. 26 పొద్దున హోస్టింగ్ వాళ్లు పంపిన మెయిల్, నేను కట్టిన రసీదు, వాల్‌పేపర్ల సైటు మీద పెట్టిన ఫిర్యాదు నకలు కూడా జత చేశాను. మిగతా ఏళ్ల లాగ్‌లు కావాలంటే అవీ ఉన్నాయి, ఒక్క రోజుది కూడా చెరపలేదు. ఢిల్లీ రమ్మంటే వస్తాను. మీ అధికారులు ఎవరైనా ఇటు వస్తే, పొద్దున ఆరింటికల్లా రామప్ప దగ్గర ఉంటే, నీడ జారేలోపు ఆ మదనికను చూపిస్తాను.

ఇట్లు,
కాకతీయ శిల్పాల ఫొటోలు తీసే ఒక వెబ్‌సైట్ నిర్వాహకుడు,
హనుమకొండ.